నీరుగంటి లేని చెరువు: పాత ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ లెక్క

పాకాల జంక్షన్ ఇంకా రాలేదు. చిత్తూరులో బండెక్కి ముప్పావు గంట కూడా కాలేదు. ఒళ్ళో ల్యాప్‌టాప్, పక్కన రబ్బరు బ్యాండు చుట్టిన కాటా చీటీల కట్ట. తోతాపురి మామిడి సీజను మంచి ఊపులో ఉంది. మధ్యాహ్నం కాయలు తూచి దించుకునే ర్యాంపు దగ్గర కరెంటు పోతే బ్యాటరీ మీదే గంటసేపు చీటీలు ఎక్కించాను. మిగిలినవి తిరుపతి చేరేలోగా బండిలో ముగిద్దామని కూర్చున్నాను. తెర మూలన 38 శాతం అని కనిపిస్తోంది. ఇంకా ఇరవై చీటీలకు మించి లేవు కాబట్టి నిమ్మళంగానే ఉన్నాను. రేటు ఒకటి సరిచూసుకుందామని బ్రౌజరు తెరిచాను. పేజీ సగం వచ్చిందో లేదో, తెర నల్లబడింది. ఒక హెచ్చరిక లేదు, ఒక చప్పుడు లేదు. మీట నొక్కితే దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "ఏం నాయనా, ఇంతసేపు బాగానే పని చేస్తా ఉండె కదా, ఏమైంది?" అన్నారు. ఛార్జింగ్ అయిపోయిందంటే పోయేది. నేను మాత్రం, "ఇంకా నలభై ఉండాలండీ" అన్నాను.

నేను చిత్తూరు దగ్గర ఒక చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి లెక్కలు రాస్తాను. చీటీలు కాగితాలే కాబట్టి పోయిందేమీ లేదు, మళ్ళీ ఎక్కించవచ్చు. అయితే ఆ రాత్రి పట్టిక అందితే యజమాని ఆమోదించి రైతుల ఖాతాల్లో డబ్బు వేసేవారు. అందలేదు. మర్నాడు ఆయన ఊరికి వెళ్ళారు, రెండు రోజులు తిరిగిరాలేదు. పదిహేడు మంది రైతుల డబ్బు రెండు రోజులు ఆగింది. కోత కూలీలకు ఇవ్వాల్సినవాళ్ళు, ట్రాక్టరు బాడుగ కట్టాల్సినవాళ్ళు ఫోను చేస్తూనే ఉన్నారు. పాత డిస్కు మీద బరువు తగ్గుతుందని దానంతటదే దాచుకునే ఏర్పాటు నేనే ఆపి పెట్టాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ 38 అన్న అంకెను నమ్మడం కూడా తప్పేనా? ఈ వ్యాసం దాని గురించే. పాత యంత్రాల్లో విండోస్ బదులు తేలికపాటి లినక్స్ వాడేవాళ్ళం బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే పద్ధతి మొదట్లోనే తప్పుగా మొదలవుతోందని నా నమ్మకం. మనం శాతం చూస్తున్నాం. చూడాల్సింది వాట్లు, అంటే బ్యాటరీ ఎంత వేగంగా ఖర్చవుతోందో ఆ అంకె.

ముందు ఈ యంత్రం సంగతి. పదేళ్ళు దాటిన ల్యాప్‌టాప్ ఇది, చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంత పాత ప్రాసెసరును చేర్చుకోదు. ఇలాంటివి మా ఊళ్ళో ఎన్ని బీరువాల్లో మూలుగుతున్నాయో! నాకు పారేయడానికి మనసు రాలేదు. డెబియన్ అనే లినక్స్ వేసి, దాని మీద మెనూలు, ప్యానెళ్ళు అన్నీ చూసుకునే పెద్ద డెస్క్‌టాప్ ఏదీ లేకుండా ఓపెన్‌బాక్స్ ఒక్కటే పెట్టుకున్నాను. తెరిచిన వెంటనే మూడు వందల మెగాబైట్ల లోపే మెమరీ తీసుకుంటుంది. లెక్కల పట్టిక, ఒక బ్రౌజరు, టెర్మినల్, నా పనికి ఇంతకన్నా అక్కర్లేదు. దాని చురుకుదనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అయితే బరువు దించేటప్పుడు ఏం దించుతున్నామో చూసుకోవాలి. పూర్తి డెస్క్‌టాప్‌లలో పవర్ మేనేజరు అని ఒకటి తెర వెనుక కూర్చుని ఉంటుంది. బ్యాటరీ తగ్గితే చెబుతుంది, మరీ తగ్గితే యంత్రాన్ని పద్ధతిగా పడుకోబెడుతుంది. ఓపెన్‌బాక్స్, ఐత్రీ లాంటివి తెర మీద ప్రోగ్రాముల కిటికీలను మాత్రమే చూసుకుంటాయి. మూత మూస్తే నిద్రపుచ్చే పని, లినక్స్ లోపలి సేవలను నడిపే సిస్టమ్‌డీలోని లాగిన్‌డీ చేస్తుంది. మూత పని చేస్తోంది కదా, బ్యాటరీ సంగతి కూడా అదే చూసుకుంటుందిలే అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. బ్యాటరీ అడుగంటుతోందంటే లాగిన్‌డీ ఏమీ చేయదు. మనం ఎవరినీ కాపలా పెట్టకపోతే ఎవరూ లేనట్టే.

మా వైపు చెరువులకు నీరుగంటి అని ఒకరుండేవారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఏ మడికి ఎన్ని గంటలు పారాలి అన్నీ ఆయనే చూసేవారు. తేలిక లినక్స్ అంటే నీరుగంటిని పంపేసిన చెరువు. చెరువు మనదే, నీళ్ళూ మనవే, చూసే మనిషి మాత్రం లేడు.

చెరువు పోలిక ఏదో అలంకారానికి తేలేదు. దాంతోనే నాకు ఈ లెక్క అర్థమైంది, అందుకని కాస్త సాగదీస్తాను. చెరువు మొరవ పోతోందంటే, అంటే అలుగు పారుతోందంటే, నిండిందని అర్థం, అంతవరకు నిజం. కానీ అడుగున ఎంత పూడిక ఉందో మొరవ చెప్పదు. ఒకప్పుడు రెండు కార్లు, అంటే ఏటా రెండు పంటలు, పండించిన చెరువు ఇప్పుడూ మొరవ పోతుంది, ఒక కారుకు కూడా చాలదు. కట్ట మీద నిలబడి చూసేవాడికి రెండుసార్లూ ఒకే నిండు చెరువు. బ్యాటరీలో 100 శాతం అంటే మొరవే. ఈ రోజు ఎంత పట్టగలదో అందులో నూరు పాళ్ళూ పట్టిందని. కొన్న రోజున ఎంత పట్టేదో ఆ అంకెలో ఉండదు.

లినక్స్‌లో ఆ పూడిక కొలిచి చూసుకోవచ్చు, దానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. సిస్ అనే ఫోల్డరులో క్లాస్, అందులో పవర్ సప్లై, అందులో బ్యాట్ 0 అని ఒకటి ఉంటుంది. కొన్ని యంత్రాల్లో బ్యాట్ 1 అని ఉంటుంది, రెండు బ్యాటరీల యంత్రాల్లో రెండూ ఉంటాయి. అక్కడున్నవి చిన్న చిన్న ఫైళ్ళు, ఒక్కోదాంట్లో ఒక్క అంకె. ఎనర్జీ ఫుల్ డిజైన్ అంటే తయారైన రోజు సామర్థ్యం. ఎనర్జీ ఫుల్ అంటే ఇప్పుడు నిండితే పట్టేది. ఎనర్జీ నౌ అంటే ఈ క్షణాన ఉన్నది. అంకెలన్నీ మైక్రోవాట్ అవర్లలో ఉంటాయి కాబట్టి పది లక్షలతో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి, అంటే ఒక్క వాటు చొప్పున వాడితే ఎన్ని గంటలు వస్తుందో ఆ అంకె. కొన్ని కంపెనీల యంత్రాల్లో ఎనర్జీ అన్న చోట చార్జ్ అని ఉంటుంది. అప్పుడు అంకె మైక్రో ఆంపియర్ అవర్లలో వస్తుంది, దాన్ని వోల్టేజితో గుణించుకోవాలి.

నా దాంట్లో డిజైన్ అంకె 47.52 వాట్ అవర్లు. 10.8 వోల్టులు, 4.4 ఆంపియర్ అవర్లు గుణిస్తే సరిగ్గా అదే. ఆరు గుండ్రటి సెల్లు, రెండేసి జతగా మూడు జతలు వరుసకట్టిన ప్యాకు. ఇప్పటి నిండు ఎంతా అని చూస్తే 29. అంటే అయిదు పాళ్ళలో దాదాపు రెండు పాళ్ళు పూడికే. మూడేళ్ళుగా ప్రతి పొద్దునా 100 చూసి బయల్దేరుతున్నాను. ఆ నూరు శాతం అన్నది ఏళ్ళ తరబడి కుంగుతూ వచ్చింది, ఒక్కసారి కూడా నాకు 99గా కనబడలేదు.

అదే ఫోల్డరులో ఇంకొక ఫైలు ఉంది, పేరు కెపాసిటీ. పేరు చూసి సామర్థ్యం అనుకుంటాం. తెరిస్తే అందులో ఉండేది శాతం! ఈ పేరు పెట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు కానీ, జనం దేన్ని దేనిగా పొరబడుతున్నారో ఆ ఒక్క పేరులోనే ఉంది.

మరి 38 దగ్గర ఎందుకు ఆరింది? పూడిక లెక్క వేసుకున్నా 29లో 38 పాళ్ళు, పదకొండు వాట్ అవర్లు మిగిలి ఉండాలి కదా. వరుసగా కట్టిన మూడు జతల్లో ఒక జత మిగతావాటికన్నా ముందే నీరసపడితే ప్యాకు మొత్తం ఆ బలహీనమైన జత చెప్పినట్టే నడుస్తుంది. పని తక్కువగా ఉన్నంతసేపు దాని వోల్టేజి నిలబడుతుంది. బ్రౌజరు తెరవడంతో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే ఆ జత వోల్టేజి కుప్పకూలుతుంది, ప్యాకులో ఉండే రక్షణ సర్క్యూటు తక్షణం తలుపు మూసేస్తుంది. శాతం చెప్పే చిప్పు మాత్రం పాత జ్ఞాపకంతోనే లెక్క కడుతూ ఉంటుంది. లోపలికి ఎంత వెళ్ళింది, బయటికి ఎంత వచ్చింది అని కూడికలు తీసివేతలు చేసుకోవడమే దాని పని. పూర్తిగా నిండడం, పూర్తిగా అడుగంటడం అది చూసి చాలా కాలమైతే లెక్క తప్పుతుంది.

ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని దాన్ని నిండా నింపి, ఆగిపోయేదాకా వాడి, మళ్ళీ నింపాను. రెండుసార్లు అలా చేశాక ఎనర్జీ ఫుల్ 29 నుంచి 20కి దిగింది. చూసి గుండె కలుక్కుమంది. కానీ ఆ రోజు నుంచి శాతం గెంతడం మానేసింది. ఇలా పూర్తిగా ఖాళీ చేసి నింపితే బ్యాటరీ బాగుపడుతుందని చెప్పేవాళ్ళు ఎదురవుతుంటారు. బాగుపడదు. కొలిచే గడకర్రను సరిచేసినట్టు, అంతే. చెరువుకైతే పూడికతీత ఉంది, జేసీబీ తెచ్చి ట్రాక్టర్లకెత్తి పొలాలకు తోలుకోవచ్చు. లిథియం చెరువుకు పూడికతీత లేదు. పూడిక నెమ్మదిగా పడేలా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

అందులో మా తిరుపతి వాళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇక్కడ బ్యాటరీ అంటే కరకంబాడి. 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీల కంపెనీ అక్కడుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో బ్యాటరీల ఫ్యాక్టరీలో పని చేసేవాళ్ళో, చేసి మానేసినవాళ్ళో లేని వీధి తక్కువ. ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు ఎప్పుడు పోయాలో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు, మగవాళ్ళకు, పిల్లలకు అందరికీ తెలుసు. ఆ తెలివి అంతా సీసం బ్యాటరీ తెలివి. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చేసిన నాటి నుంచి దాని స్వభావం ఒకటే, నిండుగా ఉంటే బతుకుతుంది, ఖాళీగా వదిలేస్తే పాడవుతుంది. అందుకే "ఎప్పుడూ చార్జింగులో ఉంచు" అన్నది మా ఊరి పెద్దల మాట.

లిథియం అయాన్ బ్యాటరీ స్వభావం వేరు. సోనీ దాన్ని దుకాణాల్లోకి తెచ్చిందే 1991లో. నిండుగా, సెల్లు ఒక్కింటికి 4.2 వోల్టుల దగ్గర గంటల తరబడి నిలబెడితే అది లోలోపల అరిగిపోతుంది. దానికి వేడి తోడైతే ఇంకా తొందరగా. స్థూలంగా పది డిగ్రీలు పెరిగితే లోపలి చర్యల వేగం రెట్టింపుకు వస్తుందని లెక్క. మే నెలలో తిరుపతి ఎండ నలభై దాటుతుంది. రేకుల కప్పు కింద, టేబులు మీద, రోజంతా చార్జరుకు తగిలించి ఉంచిన ల్యాప్‌టాప్ లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. నా బ్యాటరీని చంపింది ప్రయాణాలు కాదు, ఇంట్లో ఆఫీసులో దాన్ని పెట్టిన తీరు. మా నాయన ఇన్వర్టరును ఎంత శ్రద్ధగా చూసుకుంటారో అంతే శ్రద్ధగా నేను దీన్ని పాడుచేశాను. 2022లో తిరుపతిలోనే మునోత్ ఇండస్ట్రీస్ వాళ్ళ లిథియం సెల్లుల ఫ్యాక్టరీ కూడా వచ్చింది. సెల్లు మన ఊళ్ళో తయారవడం మొదలైంది కాబట్టి దాని గుణం కూడా మన ఇళ్ళల్లో తెలియాలని నా కోరిక.

యంత్రం ఒప్పుకుంటే చార్జింగును 80 దగ్గర ఆపేయవచ్చు. అదే బ్యాట్ 0 ఫోల్డరులో చార్జ్ కంట్రోల్ ఎండ్ థ్రెషోల్డ్ అనే ఫైలు ఉంటే అందులో 80 అని రాస్తే చాలు. టీఎల్‌పీ అనే చిన్న సాధనం ఈ పనిని యంత్రం మొదలైన ప్రతిసారీ చేసిపెడుతుంది. ఫైలు లేకపోతే లోపలి ఫర్మ్‌వేరు ఆ సౌకర్యం ఇవ్వలేదన్నట్టు. అప్పుడు ఫోనులో అలారం పెట్టుకుని ప్లగ్గు మనమే తీయాలి. దూరం వెళ్ళే రోజు పొద్దున మాత్రం నూటికి నింపుకోవచ్చు, ఒక్క రోజుకు ఏమీ కాదు.

ఇక అసలు సంగతి, తూము.

చెరువులో ఎన్ని నీళ్ళున్నాయో తెలిసినంత మాత్రాన ఎన్నాళ్ళు వస్తాయో తెలియదు. తూము ఎంత ఎత్తారో చూడాలి. ఆ అంకె పవర్ నౌ అనే ఫైలులో ఉంటుంది. ఈ క్షణాన బ్యాటరీలోంచి ఎన్ని వాట్లు పోతున్నాయో అది చెబుతుంది. అది లేని యంత్రాల్లో కరెంట్ నౌ, వోల్టేజ్ నౌ అని రెండుంటాయి, గుణించుకుంటే అదే. శాతం మన చేతిలో లేదు, అది దిగుతూ పోతుంది, మనం చూస్తూ ఉంటాం. వాట్లు మన చేతిలో ఉన్నాయి. తెర వెలుగు తగ్గిస్తే ఆ అంకె వెంటనే దిగుతుంది, ఒక కిటికీ మూస్తే దిగుతుంది. ఏం చేస్తే ఏమవుతోందో కళ్ళ ముందు కనబడే కొలత అదొక్కటే.

పది వరుసల చిన్న షెల్ స్క్రిప్టు, అంటే యంత్రానికిచ్చే ఆదేశాల జాబితా, రాసుకున్నాను. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్ అనే సేవ నిమిషానికి ఒకసారి దాన్ని లేపుతుంది. సమయం, ఎనర్జీ నౌ, పవర్ నౌ, తెర వెలుగు, ఈ నాలుగూ ఒక ఫైలులో ఒక వరుసగా రాసి పడుకుంటుంది. రెండు వారాలు తిరుపతి చిత్తూరు మధ్య తిరుగుతూ అలా రాయించాను. ఆ వరుసలను లెక్కల పట్టికలో పెట్టి చూసినప్పుడు కలిగిన సంతోషం నాకింకా గుర్తుంది. నా ప్రయాణం మొత్తం అంకెల్లో కనబడింది.

తెర వెలుగు 40 దగ్గర పెట్టుకుని చీటీలు ఎక్కిస్తుంటే ఆరున్నర వాట్లు. వెలుగు నిండుగా పెడితే ఇంకో మూడు. బండిలో కిటికీ పక్కన ఎండ పడుతుంటే వెలుగు పెంచుతాం, ఆ తర్వాత తగ్గించడం మరిచిపోతాం. నా రాతలో అది పనబాకం దగ్గర మొదలై చంద్రగిరి దాకా ఒక మెట్టులా కనబడింది. ఇప్పుడు నేను నీడ ఉన్న వైపు సీటు చూసుకుంటాను. అది ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని పొదుపు.

రెండోది వైఫై. ఫోను హాట్‌స్పాట్ ఆపేశాక కూడా వైఫై ఊరుకోదు, దారి పొడుగునా ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతూనే ఉంటుంది. ఆపేసిన రోజుకు, ఆపని రోజుకు నా దాంట్లో ముక్కాలు వాటు తేడా ఉంది. చూడ్డానికి చిన్నది. ఆరున్నరలో ముక్కాలు అంటే వందకు పదకొండు పైన. మామిడి లెక్కల్లో కాటా దగ్గర తరుగు అంత శాతం తీస్తే రైతు ఊరుకుంటాడా?

మూడోది నన్ను ఆశ్చర్యపరిచింది. రేట్లు చూసుకునే ఒక వార్తల పేజీ బ్రౌజరులో వెనుక తెరిచి ఉంటే చాలు, నేను చూడకపోయినా పదకొండు, పన్నెండు వాట్లు. ప్రకటనల బొమ్మలు కదులుతూ ఉంటాయి, ప్రాసెసరుకు నిద్ర ఉండదు. ఈ ఒక్క తూము చాలు చెరువును ఎండగట్టడానికి. 20 వాట్ అవర్లను ఆరున్నరతో భాగిస్తే మూడు గంటలు, పన్నెండుతో భాగిస్తే గంటా నలభై నిమిషాలు. మా బండి రెండు గంటలకు కాస్త అటూ ఇటూ తీసుకుంటుంది. అదే నూరు శాతంతో బయల్దేరితే ఒక రోజు చిత్తూరు చేరుతాను, ఇంకో రోజు చేరను. తేడా అంతా వాట్లలోనే ఉంది, శాతం రెండు రోజులూ ఒకే మాట చెప్పింది. పాకాల దగ్గర నా తెర నల్లబడిన రోజు ఆ పేజీ తెరవడంతోనే లోడు పెరిగిందని ఇప్పుడు నాకు తెలుసు.

దీనికి ఎదురు వాదం ఉంది, బలమైనదే. యూపవర్ అనే సేవ చాలా లినక్స్ డెస్క్‌టాప్‌ల వెనుక బ్యాటరీని చూస్తుంటుంది. దాని సెట్టింగుల్లో ఒక వరుస ఉంది, హెచ్చరికలు శాతాన్ని బట్టి ఇవ్వాలా, మిగిలిన కాలాన్ని బట్టి ఇవ్వాలా అని. మామూలుగా శాతమే ఎంచి ఉంటుంది. వాట్లను బట్టి కట్టిన కాలం ఊగిసలాడుతుంది, ఒక క్షణం మూడు గంటలంటుంది, మరుక్షణం గంటంటుంది, జనం విసిగిపోతారు, శాతమైతే నిలకడగా దిగుతుంది అన్నది ఆ ఎంపికకు దన్నుగా చెప్పే మాట. ఊగిసలాట నిజమే, కాదనను. కానీ ఊగేది క్షణం విలువ. పది నిమిషాల సగటు తీసుకుంటే అది కుదురుకుంటుంది. నా స్క్రిప్టు చివరి పది వరుసల సగటుతోనే లెక్క కడుతుంది. నిలకడగా కనబడుతుందని తప్పు ప్రశ్నకు జవాబును ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు. బండిలో కూర్చున్నవాడి ప్రశ్న "ఎంత శాతం ఉంది" కాదు, "చిత్తూరు దాకా వస్తుందా" అని.

మరో వాదన నా స్నేహితుడిది. మదనపల్లెలో ఉంటాడు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. "ఇదంతా దేనికన్నా, ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసేసుకుంటే పవర్ మేనేజరు దాంతోనే వస్తాది గదా" అంటాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ మంచిదే, తేలికైనదే. ఇంట్లో పెద్దవాళ్ళకు పెట్టేటప్పుడు నేనూ అదే పెడతాను. కానీ అతను చెప్పే పవర్ మేనేజరు కూడా చూసేది శాతమే. నా బ్యాటరీ లాంటిది 38 దగ్గర పడిపోతే పది శాతం దగ్గర మోగాల్సిన గంట ఎప్పుడు మోగుతుంది? కాపలావాడు ఉండటం ఒకటి, వాడు సరైన చోట నిలబడటం ఇంకొకటి.

కొలిచే సాధనం కూడా నీళ్ళు తాగుతుందన్నది ఇంకో సంగతి. తెర మీద సెకనుకోసారి మారే అందమైన బ్యాటరీ బొమ్మలు, గ్రాఫులు చాలా ఉన్నాయి. కాంకీ అనే ప్రోగ్రాములో అలా పెట్టుకుని నేనూ కొన్నాళ్ళు మురిసిపోయాను. సెకనుకోసారి చదవమంటే నిద్రలోకి జారబోయే ప్రాసెసరును సెకనుకోసారి తట్టి లేపినట్టు. పైగా బ్యాటరీ అంకె అడిగిన ప్రతిసారీ మదర్‌బోర్డు మీది చిన్న కంట్రోలరుతో మాట్లాడాలి, అది నిదానంగా జవాబిస్తుంది. నిమిషానికి ఒక్కసారి చాలు. ఏ ప్రోగ్రాము ఎన్నిసార్లు లేపుతోందో పట్టుకోవడానికి ఇంటెల్ వాళ్ళు 2007లో బయటపెట్టిన పవర్‌టాప్ ఇప్పటికీ నమ్మకమైనదే. అయితే ఒక్కో ప్రోగ్రాము ఎదురుగా అది చూపే వాట్లు అంచనాలు, కొలతలు కావు. ఎవరు లేపుతున్నారో అడగడానికి దాన్ని వాడండి, ఎంత తాగారో అడగడానికి పవర్ నౌ చూడండి.

హెచ్చరిక ఎక్కడ పెట్టాలన్నది మీ రాతల్లోనే దొరుకుతుంది. నా యంత్రం లోడు మీద ఎన్ని వాట్ అవర్ల దగ్గర తడబడుతోందో చూసుకుని, దానికి పైన నాలుగు వాట్ అవర్లు కలిపి గీత గీశాను. అక్కడికి చేరితే తెర మీద ఒక చీటీ, స్పీకరులో ఒక బీప్. బండి చప్పుడులో బీప్ వినబడదు కాబట్టి తెర వెలుగును రెండుసార్లు తగ్గించి పెంచేట్టు చేశాను, అది తప్పకుండా కంటపడుతుంది. ఇంకో రెండు వాట్ అవర్లు దిగితే హైబర్నేట్ అవుతుంది, అంటే మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసి పూర్తిగా ఆగిపోతుంది. దానికి డిస్కు మీద స్వాప్ జాగా ముందే చూసుకోవాలి. మామూలు నిద్రలో మెమరీకి కరెంటు అందుతూనే ఉండాలి, అడుగంటిన బ్యాటరీతో నిద్రపుచ్చితే తెల్లారేసరికి అన్నీ పోతాయి.

ఈ సంవత్సరం మొదట్లో కొత్త బ్యాటరీ కొన్నాను. ఊళ్ళో ఒక దుకాణంలో, అసలు కంపెనీది కాదు, దానికి సరిపోయేది. పెట్టగానే డిజైన్ 47.52, ఫుల్ 47.52 అని చూపించింది. మూడు నెలల తర్వాతా అదే 47.52, ఒక్క చుక్క తగ్గలేదు. ఎంత మంచి బ్యాటరీ అయినా కాస్తయినా కదలాలి కదా! అనుమానం వచ్చింది. నిండుగా నింపి, చార్జరు తీసి, ఆగిపోయేదాకా స్క్రిప్టు చేత రాయించాను. ప్రతి నిమిషం వాట్లను కూడి అరవైతో భాగిస్తే 31 వాట్ అవర్లు వచ్చాయి. గుర్తుపెట్టుకుని చెప్పే నిండు సామర్థ్యం వేరు, క్షణక్షణం కొలిచి చెప్పే వాట్లు వేరు. మొదటిది చిప్పులో రాసిపెట్టిన మాట, దాన్ని ఎవరైనా ఎలాగైనా రాయవచ్చు. ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. నూట అరవై వరుసలు ఓపిగ్గా చదివాక, "నాకు వచ్చిన సరుకే అట్లుండాది సార్" అని సగం డబ్బు తిరిగిచ్చారు. ఆయనను తప్పుపట్టను. ఆయన కూడా పెట్టె మీద ఉన్న అంకెనే నమ్మారు.

తేలిక లినక్స్ తయారుచేసే వాళ్ళకు నా విన్నపం ఒకటుంది. మీరు పాత యంత్రాల కోసమే ఇవి చేస్తున్నారు. పాత యంత్రం అంటే పాత బ్యాటరీ. మెమరీ ఎన్ని మెగాబైట్లు తగ్గించామని మొదటి పేజీలో రాసుకుంటారు, సంతోషం. ఆ మిగిల్చిన దాంట్లో ఒక్క మెగాబైటు ఖర్చుపెట్టి ప్యానెల్లో శాతం పక్కన వాట్ల అంకె పెట్టండి. పూడిక నలభై దాటితే మొదటిసారి తెరిచినప్పుడే చెప్పండి. ఇవి లేని యంత్రాన్ని డిగ్రీ చదివే పిల్లకు ఇచ్చి "బాగా నడుస్తుంది" అని చెప్పడానికి నాకు మనసొప్పదు.

పోయిన నెల మా అక్క కూతురికి ఒక పాతది సిద్ధం చేసిచ్చాను. పాకాల నుంచి తిరుపతికి రోజూ బండిలో వచ్చి చదువుకుంటుంది. ప్యానెల్లో శాతం తీసేసి, వాట్లు, మిగిలిన నిమిషాలు మాత్రం పెట్టాను. నాలుగు రోజులకు ఫోను చేసింది. "మామా, వీడియో ఆపితే పద్నాలుగు నుంచి ఆరుకు దిగతా ఉండాది. నిన్న పాఠం దించుకుని వైఫై తీసేసి చూసినా, కాలేజీ అయినాక కూడా గంట మిగిలింది" అంది. ఆ మర్నాడు తన స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో ఎనర్జీ ఫుల్ ఎంతుందో చదివి పంపింది, డిజైన్ అంకెతో సహా. 41కి 17. "దీనికి ఏం చేయాల మామా?" అని అడిగింది. ఆదివారం ఇద్దరినీ రమ్మన్నాను, స్క్రిప్టు పెన్‌డ్రైవులో పెట్టి ఉంచాను.